గట్టు మట్టానికి గుమ్మం

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. గోదారి ఒడ్డున ఇల్లు కట్టేవాళ్లకి మాత్రం దీనికి ముందు ఇంకో మాట చేర్చాలి: నీళ్లు చూడు, తర్వాత ఇల్లు కట్టు!

యానాం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం మీదే ఈ వారం మన కబుర్లన్నీ. గౌతమి ఏటిగట్టుకి ఊరివైపున వాళ్లు 5 సెంట్ల స్థలం కొన్నారట. గట్టు మీద రోడ్డు, రోడ్డుకి ఆరడుగుల పల్లంలో స్థలం. "పల్లం మొత్తం మట్టితో పూడ్చి, రోడ్డు మట్టానికి తెచ్చి, అప్పుడు డాబా కడదామంటున్నారు మావారు. ఆ పూడికకే నా గొలుసు తాకట్టు పెట్టేలా ఉన్నాం. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేరు. కొండ మీద, సరస్సు ఒడ్డున కట్టిన ఇళ్ల బొమ్మలు పుస్తకాల్లో చూస్తే ముచ్చటేస్తుంది. అలాంటి ఇల్లు మాకు సాధ్యమేనా? వంటిల్లు ఎక్కడ పెట్టుకోవాలి?" అని అడిగారు.

మంచి ప్రశ్నలే. ఒక్కొక్కటీ చూద్దాం.

బొమ్మలోని ఇల్లు నేర్పే పాఠం

కొండవాలు మీది ఇంటికీ యానాంలో ఏటిగట్టు పక్క ఇంటికీ పోలికేమిటనుకోకండి. రెండుచోట్లా రోడ్డు పైన, స్థలం కింద. అమెరికాలో మిషిగన్ సరస్సు ఒడ్డున, నిలువుగా దిగిపోయే వాలు మీద, 1973లో పూర్తయిన 'డగ్లస్ హౌస్' అనే ఇల్లు ఒకటుంది. రిచర్డ్ మేయర్ అనే ఆర్కిటెక్టు గీసిన ఇల్లది. ఆయన కొండని చదును చేయించలేదు. రోడ్డు మీంచి చిన్న వంతెన వేసి, పై అంతస్తులోకే గుమ్మం పెట్టాడు. మిగతా ఇల్లు వాలు వెంట కిందికి దిగుతుంది. అంటే నేలని ఇంటికి తగ్గట్టు మార్చలేదు, ఇంటినే నేలకి తగ్గట్టు కట్టాడు.

మన సోదరి నేర్చుకోవలసిందల్లా ఈ ఒక్కటే. ఆ అద్దాలూ, ఆ తెల్లరంగూ కాదు. పల్లాన్ని పూడ్చకండి, ఇంటిని ఎత్తండి. గుమ్మం గట్టు మట్టానికి రావాలి, పల్లం పల్లంగానే ఉండాలి.

మన పెద్దలకీ ఈ సంగతి తెలియంది కాదు. గోదావరి జిల్లాల పాత మండువా లోగిళ్లు చూడండి. నాలుగు మెట్లెక్కితే గానీ అరుగు రాదు. మండువాలో పడ్డ వానచినుకు ఇంట్లో నిలవకుండా తూములోంచి బయటికి పోతుంది. ధాన్యం గాదెలో, ఇత్తడి సామాను అటక మీద. నీళ్లకి దారి వదిలి, మనుషులకి ఎత్తు ఇచ్చిన ఇళ్లవి.

యానాంకి వచ్చే నీళ్లు మూడు రకాలు

ప్లాను గీయించే ముందు ఇంటావిడ తెలుసుకోవలసిన లెక్క ఇది.

మొదటిది వరద. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి సుమారు 35 లక్షల క్యూసెక్కులతో పొంగింది. ఆ సంగతి మీ అత్తగారిని అడిగితే ఇప్పటికీ కథలు కథలుగా చెబుతారు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పుడు యానాం వీధుల్లో నీళ్లు నిలవడం చాలామంది కళ్లారా చూశారు.

రెండోది తుపాను వాన. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకి దక్షిణంగా తీరం దాటిన తుపాను కోనసీమనీ యానాంనీ ఎలా ఊపేసిందో ఈ ప్రాంతం ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. కొబ్బరిచెట్లు వరసగా నేలకొరిగాయి, ఇళ్ల కప్పులు ఎగిరిపోయాయి. గట్టు ఎంత గట్టిదైనా లోపల పడ్డ వానని అది ఆపదు. పైగా ఆ నీళ్లు బయటికి పోకుండా అడ్డంగా నిలబడుతుంది.

మూడోది పోటు. సముద్రం దగ్గరే కనుక అమావాస్యకీ పౌర్ణమికీ ఏరు ఎగదన్నుతుంది. వరదా పోటూ ఒకే వేళ కలిశాయంటే పల్లంలో చేరిన నీళ్లు పోవడానికి దారుండదు. పాటు వచ్చేదాకా ఎదురుచూడ్డమే.

వీటికి తోడు గట్టు అడుగునుంచి వచ్చే ఊట ఒకటి. ఏరు నిండుగా ఉన్న రోజుల్లో గట్టు పక్క నేల చెమ్మగిల్లుతుంది. అందుకే ఇలాంటి స్థలంలో "నీళ్లు రాకుండా ఏం చెయ్యాలి?" అని కాదు, "వచ్చిన నీళ్లు ఎటు పోతాయి?" అని అడగాలి.

పూడిక లెక్క ఒకసారి వెయ్యండి

5 సెంట్లంటే 2,178 చదరపు అడుగులు. ఆరడుగుల లోతు పూడిస్తే సుమారు 13,000 ఘనపుటడుగుల మట్టి. ట్రాక్టరు తొట్టికి 100 ఘనపుటడుగులు పడుతుందనుకుంటే 130 ట్రాక్టర్లు. కొత్తమట్టి అణుగుతుంది కనుక 150 దాటినా ఆశ్చర్యపోకండి. ఒక ట్రాక్టరు మట్టి మీ ఊళ్లో ఎంతో కనుక్కుని, 150తో గుణించి, ఆ కాగితం మీవారి భోజనం పళ్లెం పక్కన పెట్టండి. సగం వాదన అక్కడే తేలిపోతుంది!

అది చాలదన్నట్టు, పోసిన మట్టి ఊరికే నిలవదు. దాన్ని పట్టి ఉంచడానికి చుట్టూ ఆరడుగుల గోడ కట్టాలి. మట్టి బరువునీ, అందులో ఊరిన నీటి బరువునీ ఆపాల్సిన గోడ మామూలు ప్రహరీ గోడ కాదు. దానికి ఇంజనీరు లెక్క కావాలి, అడుగున మంచి వెడల్పు కావాలి, నీళ్లు కారిపోవడానికి మధ్యమధ్య గొట్టాలు కావాలి. ఇంత చేసినా పునాది కొత్తమట్టి మీద వెయ్యకూడదు. పిల్లర్లు ఆ మట్టిని దాటి కిందున్న అసలు నేలలోకి దిగాల్సిందే. అంటే పిల్లర్ల ఖర్చు ఎలాగూ తప్పదు, మట్టి ఖర్చు మాత్రం దండగ.

ఇంకొక సంగతి కూడా మనసులో పెట్టుకోండి. మీ పల్లంలో నిలవాల్సిన నీళ్లని మీరు మట్టితో గెంటేస్తే అవి మాయమైపోవు. పక్కింటికి పోతాయి. ఆ పక్కిల్లు తాటాకు ఇల్లో, రేకుల షెడ్డో అయితే ఆ ఇల్లాలు పొయ్యి ఎక్కడ వెలిగించుకోవాలి? రేపు వరదొస్తే ఒకరికొకరు ఆసరా కావాల్సిన వాళ్లం. ఇల్లు కట్టకముందే పొరుగుతో కయ్యం కొనితెచ్చుకోవడం ఎందుకు?

పుస్తెలమ్మి అయినా పులస తినమన్నారు గోదారోళ్లు. పుస్తెలమ్మి పల్లం పూడ్చమని మాత్రం ఎవరూ అనలేదమ్మా!

మరి ఇల్లెలా?

పల్లంలోంచి పిల్లర్లు లేపి, గట్టు మట్టంలో మొదటి స్లాబు వేయించండి. మీ అసలు ఇల్లు ఆ స్లాబు మీదే. హాలు, వంటిల్లు, పూజగది, అత్తగారి గది, ఒక స్నానాలగది, అన్నీ ఈ మట్టంలోనే ఉండాలి. పిల్లల గదులు కావాలంటే దానిపైన. రోడ్డు నుంచి ఇంట్లోకి చిన్న వంతెనలాంటి దారి. ముందు వసారా వేసుకుంటే గట్టు మీదుగా గౌతమి కనిపిస్తుంది. పల్లంలో కట్టిన ఇంట్లోంచి గట్టు తప్ప ఏమీ కనిపించదు. ముచ్చటకీ క్షేమానికీ ఇక్కడ ఒకటే దారి.

ఎత్తు ఎంతుండాలి? వీధిలో పెద్దవాళ్లని అడగండి. 1986లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, 2022లో ఎక్కడిదాకా వచ్చాయి అని. గోడల మీద మరకలుంటే చూడండి. వాటిలో ఎక్కువదానికి పైన ఇంకో రెండడుగులు కలపండి. ఆ లెక్కా, గట్టు మట్టమూ రెండింటిలో ఏది ఎత్తయితే మీ గచ్చు అంత ఎత్తులో ఉండాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. గట్టు ఊరందరిది. దాన్ని తవ్వకూడదు, దానికి ఆనించి గోడ కట్టకూడదు, దానికి గుచ్చి పిల్లరు దింపకూడదు. గట్టు వాలు కింద ఎక్కడ ముగుస్తుందో చూసి, దానికి ఇవతల జాగా వదిలే కట్టాలి. ఎంత వదలాలి, వంతెన వేసుకోనిస్తారా అన్నది ప్రజా పనుల శాఖ వారినీ, ప్లాను మంజూరు చేసే ఆఫీసులోనూ రాతపూర్వకంగా అడగండి. యానాం దగ్గర ఏటికి పోటు తగులుతుంది కనుక తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు మీ స్థలానికి వర్తిస్తాయేమో కూడా కనుక్కోండి. ఇంకా స్థలం కొనని వాళ్లయితే ఈ జవాబులన్నీ వచ్చాకే బయానా ఇవ్వండి. గట్టుకి ఏటివైపున ఉన్న స్థలం ఎంత చవగ్గా వస్తున్నా వద్దు. అది ఏటి సొత్తు, ఏదో ఒకనాడు ఏరే వచ్చి అడుగుతుంది.

అత్తగారి మోకాళ్లు

ఇల్లు ఎత్తితే మెట్లు పెరుగుతాయి, పెద్దవాళ్లు ఇబ్బంది పడతారు అని చాలామంది భయం. కానీ గట్టు పక్క స్థలానికి ఒక అదృష్టం ఉంది. రోడ్డే ఎత్తులో ఉంది కనుక రోడ్డు మట్టంలో గుమ్మం పెడితే మెట్లే ఉండవు.

వరద లెక్కనిబట్టి గచ్చు రోడ్డుకంటే అడుగున్నర ఎత్తు వచ్చిందనుకోండి. అప్పుడు ఆ వంతెన దారినే వాలుగా వేయించండి. ఒక అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు ఉంటే చక్రాల కుర్చీ కూడా తేలిగ్గా వెళుతుంది. అడుగున్నరకి 18 అడుగులు చాలు. రెండువైపులా పట్టుకోవడానికి కమ్మీలు, కింద జారని గరుకు గచ్చు. నున్నటి టైల్సు వానలో కొంపముంచుతాయి.

వంతెనకి అనుమతి దొరక్కపోతే మీ స్థలంలోంచే 12 మెట్లు వేసుకోవాలి. ఒక్కో మెట్టు ఆరంగుళాల ఎత్తు, కాలు ఆనే చోట పదకొండు అంగుళాలు తగ్గకుండా, మధ్యలో నిలబడి ఊపిరి తీసుకోవడానికి ఒక చదును. మెట్ల పక్కన నాలుగున్నర, అయిదడుగుల చదరం జాగా ఖాళీగా వదలండి. ఇప్పుడు కాకపోయినా ఎప్పుడైనా చిన్న లిఫ్టు పెట్టుకోవచ్చు. మోకాళ్లు అత్తగారికే అరుగుతాయా, రేపు మనకీ అరుగుతాయి!

వంటిల్లు గుమ్మానికి దగ్గరగా

గ్యాసు బండలో గ్యాసు 14.2 కిలోలు. బండ బరువుతో కలిపితే ఇంచుమించు 30 కిలోలు. బియ్యం బస్తా 25 కిలోలు. వారం వారం కూరలు, నూనె డబ్బాలు, పాల క్యాను. ఇవన్నీ మోసేది ఎవరో ప్లాను గీసేవాళ్లకి గుర్తుండదు. అందుకే గట్టు మట్టంలో, వంతెన దిగగానే హాలుకి ఒక పక్కగా వంటిల్లు రావాలని గట్టిగా చెప్పండి. సామాను రోడ్డు మీంచి నేరుగా గట్టు మీదికి, అదేలెండి, వంటగట్టు మీదికి రావాలి.

గ్యాసు బండ పెట్టే చోట కింద మట్టంలోనే గాలి ఆడే కంత ఉంచండి. వంటగ్యాసు గాలికంటే బరువు, లీకైతే కిందికే దిగుతుంది. తూముకి బలంగా వాలు పెట్టించండి. అంట్లు తోముకునే చోటు వెనకవైపు వసారాలో అదే మట్టంలో ఉండాలి. అంట్ల గంపతో రోజుకి నాలుగుసార్లు మెట్లు దిగే ఇల్లు ఎంత అందమైనదైనా ఇల్లాలికి జైలే.

వాస్తు పట్టింపు ఉంటే ఆ సంగతి ప్లాను గీసేటప్పుడే చెప్పండి. ఆగ్నేయంలో వంటిల్లు కాగితం మీద జరపడానికి పెన్సిలు చాలు. కట్టాక జరపాలంటే సమ్మెట కావాలి.

కింద ఏముండాలి, ఏముండకూడదు

స్లాబు కింద ఖాళీ జాగాకి గోడలు కట్టి గదులు చేసి అద్దెకివ్వాలని కోరిక పుడుతుంది. వద్దు. అది నీళ్ల జాగా. మిగతా రోజుల్లో మాత్రం అది మీదే. ఎండలేని చోట పిల్లలాడుకుంటారు, వానాకాలం బట్టలారేసుకోవచ్చు, కొబ్బరికాయలు రాశి పోసుకోవచ్చు, పేరంటానికి చాపలు పరుచుకోవచ్చు. తడిసినా, కొట్టుకుపోయినా కన్నీళ్లు పెట్టుకోని వస్తువులే అక్కడుండాలి. ఫ్రిజ్, మోటారు, మీటరు బోర్డు, పిల్లల పుస్తకాలు, పాత ఆల్బములు, ఇవేవీ కిందికి దిగకూడదు. మూల మూలకీ దీపం పెట్టించండి. వరదలో పాములు ఎండు చోటు వెతుక్కుంటాయి.

కింది దీపాల తీగలు పైనుంచి దిగాలి, వాటికి విడిగా స్విచ్చి ఉండాలి. ప్రమాదంలో దానంతటదే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించడం మరవకండి.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక వినగానే కింద ఉన్న స్కూటరూ, సామానూ పైకి చేర్చేయండి. మూడోదాకా ఆగితే చేతులు చాలవు.

మేస్త్రిని అడగాల్సినవి

డెల్టా నేల బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. అందుకని మట్టి పరీక్ష చేయించాకే పునాది. ఇలాంటి నేలలకి అడుగున ఉబ్బెత్తు బల్బులాంటి ఆకారంతో దింపే 'అండర్ రీమ్డ్ పైల్' పునాదిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. మీ నేలకి అది సరిపోతుందో, ఇంకా లోతు పైల్స్ కావాలో పరీక్షే చెబుతుంది.

కింద గోడలు లేకుండా పిల్లర్ల మీదే నిలిచే ఇంటికి పిల్లర్లూ బీములూ ఇంజనీరు లెక్కతోనే వెయ్యాలి. 2001 జనవరి 26 భూకంపంలో అహ్మదాబాదులో కింద పార్కింగు వదిలిన అపార్టుమెంట్లు ఎన్నో కూలిపోయాయి. తప్పు ఖాళీ జాగాది కాదు, ఆ ఖాళీకి తగ్గ బలం పిల్లర్లకి ఇవ్వకపోవడానిది.

ఉప్పుగాలి ఇనుముకి శత్రువు. ఊచల మీద కాంక్రీటు మందం తక్కువైతే తుప్పు పట్టి, స్లాబు పెచ్చులూడుతుంది. సముద్రతీరపు ఇళ్లకి 45 మిల్లీమీటర్ల కవరింగు, ఎం-30 రకం కాంక్రీటు ఉండాలని జాతీయ ప్రమాణం. స్లాబు పోసే రోజున ఊచల కింద కవరింగు బిళ్లలున్నాయో లేదో మీరే వంగి చూడండి. కాంక్రీటు కలిపే నీటిలో లీటరుకి 500 మిల్లీగ్రాములకి మించి క్లోరైడు ఉండకూడదు. ఎండాకాలం పోటుతో ఉప్పునీళ్లు ఎగదన్నే చోట ఏటినీళ్లతోనో ఉప్పుబోరు నీళ్లతోనో కాంక్రీటు కలపనివ్వకండి, క్యూరింగు చెయ్యనివ్వకండి.

మన తీరంలో ఇళ్లు గంటకి 180 కిలోమీటర్ల గాలిని లెక్కలోకి తీసుకుని కట్టాలి. ఏటివైపు గోడంతా అద్దమే అంటే వద్దు. మంచి కిటికీ పెట్టి, దానికి బయట గట్టి తలుపులుంచండి. వసారా పిట్టగోడ మూడున్నర అడుగులు తగ్గకూడదు. కమ్మీలు నిలువుగా, నాలుగంగుళాలకి మించని సందుతో ఉండాలి. అడ్డకమ్మీలు పెడితే పిల్లలు నిచ్చెనలా ఎక్కేస్తారు.

సెప్టిక్ ట్యాంకు విషయంలో మొహమాటపడకండి. పల్లంలో దాని మూత నేలకి సమంగా ఉంటే వరదలో లోపలిదంతా బయటికి, బయటిదంతా లోపలికి. మూత వరద మరక కంటే పైకి లేపాలి. మురుగు గొట్టానికి ఎదురు రానివ్వని వాల్వు పెట్టాలి. బోరుకీ సోక్ పిట్‌కీ మధ్య 60 అడుగులైనా ఎడం కావాలి. చిన్న స్థలంలో అది కుదరకపోతే ఆ బోరు నీళ్లు తాగడానికి వాడకండి.

కొండవాలు మీద కట్టుకునేవాళ్లకి

విజయవాడలో, విశాఖలో కొండపక్క ఉన్న సోదరీమణులకీ ఇదే సూత్రం. అక్కడ పల్లం పూడ్చడానికి బదులు కొండని నిలువునా చెక్కేస్తారు. 2024 ఆగస్టు 31న కుండపోత వానకి విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. కొండని ఎంత తక్కువ చెక్కితే అంత మంచిది. ఇంటికి ఎగువన వాననీళ్లని పక్కకి తిప్పే కాలువ ఉండాలి. వెనక గోడకి నీళ్లు కారే గొట్టాలుండాలి, అవి పూడుకుపోకుండా ఏటా తొలకరికి ముందే శుభ్రం చేయించాలి. గోడని పడగొట్టేది చాలాసార్లు మట్టి కాదు, దాని వెనక చిక్కుకున్న నీరు.

సంతకం పెట్టేముందు

ప్లాను మగవాళ్ల వ్యవహారమని వంటింట్లో ఉండిపోకండి. నీళ్లు ఏ మూలనుంచి వస్తాయో, ఎన్ని రోజులు నిలుస్తాయో ఇల్లు కడిగే చేతులకి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? ఇంజనీరు దగ్గర కూర్చుని ఈ అయిదు ప్రశ్నలూ అడగండి.

1. 1986 నాటి వరద మళ్లీ వస్తే మా గచ్చు ఎంత ఎత్తులో ఉంటుంది?
2. మా స్థలంలో పడ్డ వాన ఎటు పోతుంది? పక్కింటికి పోదు కదా?
3. మెట్లెక్కలేని మనిషి రోడ్డు నుంచి మంచం దాకా ఎలా వస్తారు?
4. గ్యాసు బండ వంటింట్లోకి ఏ దారిన వస్తుంది?
5. కరెంటు పోయి, చుట్టూ నీళ్లుంటే మూడు రోజులు పై మట్టంలోనే వండుకుని, తాగునీటితో, మరుగుదొడ్డితో గడపగలమా?

అయిదింటికీ కాగితం మీద గీసి చూపించగలిగితేనే సంతకం పెట్టండి. "అవన్నీ తర్వాత చూసుకుందాం లెండి" అంటే పెన్ను మూత పెట్టేయండి. గొలుసు మెడలోనే ఉంటుంది.